వేలితో చూపిస్తుందా?

మా పిల్లల ఆసుపత్రిలో ఆమెను అందరూ ప్రశ్నలత్తయ్య అంటారు. టీకాలకు వచ్చిన తల్లుల్ని కూర్చోబెట్టి, పసివాళ్లలో ఆటిజం లక్షణాలుంటే ముందే పసిగట్టడానికి ఓ ప్రశ్నల కాగితం నింపించడం ఆమె పని. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా? కావలసింది వేలితో చూపిస్తాడా? తల్లులకేమో అదో పరీక్ష. అన్నిటికీ "ఆఁ, ఆఁ" అని తలూపేసేవారు. అత్తయ్య కలం కింద పెట్టేది.

"ఇక్కడ ఎవరికీ ఫస్టుక్లాసులు ఇవ్వరు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పు. ఎంత తొందరగా తెలిస్తే బిడ్డకంత మంచిది."

ఆ గొంతుకు పక్క బల్ల దగ్గర సూదులు వేసే నేను కూడా సర్దుకుని కూర్చునేదాన్ని.

ఊరందరికీ బుద్ధులు చెప్పే ఆ మనిషి, సొంత మనవరాలి కాగితం మాత్రం ఇంట్లోనే నింపుకొచ్చింది. ఎలా నింపిందో తర్వాత కోడలే నాకు చెప్పింది.

"పిలిస్తే పలకదత్తయ్యా."

"ఆటలో పడితే ఎవరు పలుకుతారే? పలుకుతుందని రాయి."

"వేలితో చూపించదు కదా..."

"నిన్న బిస్కెట్ డబ్బా చూపించలేదూ?"

చూపించలేదు. మొహం వైపైనా చూడకుండా, నాయనమ్మ చెయ్యి పట్టుకెళ్లి డబ్బా మీద పెట్టింది. రెండూ ఒకటి కావని, రెండోది అనుమానించాల్సిన లక్షణమని ఎంతమంది తల్లులకు చెప్పిందో ఈవిడ! కానీ తన కొడుకు బిడ్డకు ఏదో ఉందంటే ఆసుపత్రిలో నలుగురూ ఏమనుకుంటారు? కోడలు ఆవిడ చెప్పినట్టే రాసింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు ఓ తాపీమేస్త్రీ భార్య కొడుకును ఒళ్లో పెట్టుకుని అడిగింది. "వీడు నా చెయ్యి తీసుకెళ్లి నీళ్ల సీసా మీద పెడతాడండీ. చూపించినట్టే కదా?"

అత్తయ్య కలం గాల్లోనే ఆగింది. "కాదమ్మా" అని చివరికి గొణిగి, తల దించుకుంది. ఆ పూట టీకి కూడా మా దగ్గరకు రాలేదు.

మర్నాడు కోడలినీ పిల్లనూ తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. "పాత కాగితం చెల్లదు. కొత్తగా నువ్వడుగు. నేను మాట్లాడను."

పిల్ల మందుల బండి చక్రం తిప్పుతూ కూర్చుంది. ముద్దొచ్చే పిల్ల. నాకు మాత్రం అత్తయ్య మీద ఒళ్లు మండిపోయింది. పోయిన నెలలు దానికెవరు తెచ్చిస్తారు?

"కావలసింది వేలితో చూపిస్తుందా అమ్మా?"

కోడలు ముందు అత్తగారి మొహం చూసింది. "చూపిస్తుందండీ," అంది, పాఠం అప్పజెప్పినట్టు. చెప్పిందే రాశాను.

వరుసలో తల్లులంతా వింటున్నారు. వాళ్లలో చాలామంది అత్తయ్య చేత చీవాట్లు తిన్నవాళ్లే. సిగ్గుతో ఆవిడ మొహం చెవులదాకా ఎర్రబడింది.

"చూపించదు," అంది, అందరికీ వినపడేలా. "ఇది మొదట నిజమే చెప్పింది. అబద్ధం నేర్పింది నేను. అది కొట్టెయ్."

కొట్టేశాను. కోడలు కళ్లు తుడుచుకుని కుర్చీ నా వైపు జరుపుకుంది. ఈసారి అత్తగారి వైపు చూడలేదు.

"మొదటినుంచి అడగండక్కా. నేను చెప్తాను."