బెల్లం తోక ఎట్లున్నది?

మొన్న ఆదివారం ముస్తాబాద్ నుంచి సిరిసిల్లకు ఆటోలో వస్తుంటే, నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు. నా బట్టల నిండా తడిసిన కుక్క వాసన. కాలువ నీళ్ళు, బురద, ఆ రెండింటి అడుగున నూనె పట్టిన పాత గొంగడి లాంటి ఇంకో వాసన. లాబ్రడార్ వెంట్రుకల కింద సన్నటి జిడ్డు పొర ఉంటుంది. ఎంత ఈదినా నీళ్ళు ఒంటిదాకా పోనివ్వదు. ఆ జిడ్డు తడిస్తే వచ్చే వాసన సబ్బుకు ఒక పట్టాన పోదు. "ఏం వాసన చెల్లె గిది?" అని ఆమె అడిగింది. కుక్కను నీళ్ళలో దింపి పని నేర్పి వస్తున్నానని చెప్పాను. "కుక్కకు ఈత గూడ నేర్పాల్నా?" అని నవ్వింది. చాలా ఏళ్ళ కిందట నేనూ ఒకాయన్ని ఇదే మాట అడిగాను. ఆయన నవ్వలేదు. "ఈత దానికొచ్చు బిడ్డా. ఎందుకు ఈదాల్నో నేర్పాలె" అన్నాడు. ఆయనే రాజమల్లు సారు.

అప్పుడు నేను ఎల్లంతకుంట పశువుల దవాఖానలో కొత్తగా చేరిన సహాయకురాలిని. మా బాపు సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. వాటి మోతలో పుట్టి పెరిగిన నాకు బర్రెలూ మేకలే కొత్త, ఇక కుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. సారు సైన్యంలో కుక్కలకు పని నేర్పి, రిటైరై, ఊరికి వచ్చి ఎకరన్నర వరి చేసుకుంటున్నాడు. తోడుగా లేత పసుపు రంగు లాబ్రడార్ ఆడకుక్కను తెచ్చి పెంచాడు. రంగు చూసి ఆయన భార్య దానికి బెల్లం అని పేరు పెట్టింది. ఆయన రోజూ పొలంలో ఏదో విసరడం, అది తెచ్చి చేతికివ్వడం చూసి ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు. "కట్టె తెచ్చుడు గూడ ఒక సదువేనా?" అనేవారు.

టీకా కోసం బెల్లాన్ని దవాఖానకు తెచ్చిన రోజే ఆయన్ని మొదటిసారి చూశాను. కుక్క మెడకు గొలుసు లేదు. వాకిట్లో మేకలు అరుస్తున్నాయి, పక్కన ఎవరిదో కోడి రెక్కలు కొట్టుకుంటోంది. బెల్లం మాత్రం ఆయన ఎడమ కాలి పక్కన కూర్చుని, నా చేతిలోని సూదిని తల వంచి మరీ పరిశీలిస్తోంది. నాకు ఆశ్చర్యం ఆగలేదు. "ఎంత కొడితే గిట్ల మాటింటది సార్?" అని అడిగాను.

"కొట్టిన కుక్క మన చెయ్యినే జూస్తది. పనిని జూడదు" అన్నాడు. బెల్లం తల నిమురుతూ, "గింత ఆరాటం ఉంటే ఆదివారం పొలం కాడికి రా. మొదాలు నువ్వు జూసుడు నేర్చుకో" అన్నాడు.

చూడడంలో నేర్చుకునేదేముంటుందని అనుకున్నాను. వెళ్ళాక నాలుగు ఆదివారాల పాటు ఆయన నన్ను బెల్లాన్ని ముట్టుకోనివ్వలేదు. కోత అయిపోయిన మడిలో ఎక్కడో డమ్మీని దాచి రమ్మనేవాడు. డమ్మీ అంటే మందపాటి గుడ్డ సంచి. లోపల సాంచెల కాడ మిగిలిపోయిన నూలు కుక్కి కుట్టిన మూట. ఆ నూలు మా బాపు కార్ఖానా నుంచి నేనే తెచ్చేదాన్ని. దాచి వచ్చాక ఆయన పిడికెడు వరిపొట్టు గాలిలోకి వదిలి, "ఎటు పోయింది?" అని అడిగేవాడు. చెప్పాక బెల్లాన్ని వదిలేవాడు. తను నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. నేను పక్కన నిలబడి, బెల్లం చేసే ప్రతి పనీ పైకి చెబుతూ ఉండాలి.

"పోతున్నది సార్."

"పోతదని నాకెర్కనే. ఎట్ల పోతున్నది? ముక్కు కిందికున్నదా, మీదికున్నదా? తోక ఎట్లున్నది?"

దీన్ని నేను పరీక్ష అనుకున్నాను. ఆయనకు తెలిసినవే అడిగి నన్ను దిద్దుతున్నాడనుకున్నాను. కానీ చెప్పడానికి చూడాల్సి వచ్చింది, చూస్తున్న కొద్దీ కనబడడం మొదలైంది. బెల్లం తిన్నగా వెళ్ళదు. గాలికి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అల్లినట్టు వెళుతుంది. వాసన అందనంత సేపు తోక సోమరిగా ఊగుతుంది. అందిన క్షణం నడుము దగ్గర నుంచి వెనక భాగమంతా కదిలిపోతుంది. ఒకసారి డమ్మీ కుడివైపు ఉందని నాకు ఖాయంగా తెలుసు, నేనే దాచాను. అది ఎడమకు పోతుంటే, "తప్పు పోతున్నది, పిలువుర్రి సార్" అని అరిచాను. సారు చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. బెల్లం ఎడమ గట్టు దాకా పోయి, గాలి మొగాన తిరిగి, అక్కణ్నుంచి దారం లాగినట్టు డమ్మీ మీదికి వచ్చింది. "నువ్వు కండ్లతోని దాచినవ్, అది ముక్కుతోని లెంకుతున్నది. రెండింటికీ తొవ్వ ఒక్కటే ఉంటదా?" అన్నాడు. ఆ వారమంతా దవాఖానలో పశువు వచ్చినప్పుడల్లా, దీనికి లోకం ఎట్లా తెలుస్తుందో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

బెల్లం వంద గజాల దూరంలో ఉన్నప్పుడు దాన్ని సైగలతో నడిపించడం తర్వాతి పాఠం. ఈల వేస్తే ఆగి మన వైపు చూడాలి. కుడి చెయ్యి చాపితే కుడికి, ఎడమ చాపితే ఎడమకు, అరచెయ్యి పైకెత్తి తోస్తే ఇంకా ముందుకు. నా చేతులు చూసి సారు ఏమీ అనలేదు కానీ, బెల్లం మాత్రం అయోమయంగా తల తిప్పేది. ఒక ఆదివారం నన్ను దింపడానికి వచ్చిన బాపు కాసేపు నిలబడి చూశాడు. "గట్ల గాదు బిడ్డా. నువ్వు చెయ్యి ఊపుతున్నవ్, చెప్తలేవు" అన్నాడు. సాంచెల మోతలో మాట వినబడదు. ఈ చివర పోగు తెగితే ఆ చివరి మనిషికి చేత్తోనే చెప్పాలి. బాపు ముప్పై ఏళ్ళు అట్లా మాట్లాడినవాడు. చెయ్యి చాపి, అక్కడే నిలిపి, కళ్ళతో అదే వైపు చూశాడు. దూరంగా కూర్చున్న బెల్లం తటాలున లేచి అటే పరుగెత్తింది. నేను గట్టిగా నవ్వాను. సారు మాత్రం, "ఏమైంది? ఏం జేసిండు మీ బాపు? జెర చెప్పు, అంతా చెప్పు" అని ఆత్రంగా అడిగాడు. కళ్ళ ముందే జరిగిందాన్ని ఎందుకు చెప్పమంటున్నాడో నాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో నేనొక తప్పు చేశాను. ఒక రోజు బెల్లం ఎత్తయిన గట్టు మీద నుంచి డమ్మీతో దూకింది. నేను అప్పుడే ఫోన్‌లో చిన్ననాటి స్నేహితురాలి పెళ్ళి ఫోటోలు చూస్తున్నాను. "ఎట్ల దిగింది?" అని సారు అడిగాడు. "మంచిగనే దిగింది సార్" అన్నాను. ఇంకో ఆరుసార్లు దాన్ని పంపాడు. మర్నాడు పొద్దున బెల్లాన్ని ఆయనే చేతుల మీద దవాఖానకు మోసుకొచ్చాడు. ముందు కాలు కింద పెట్టడం లేదు, భుజం దగ్గర వాచింది. డాక్టరు గారు చూసి ఆరు వారాలు పరుగు వద్దన్నారు. సారు నన్ను పక్కకు పిలిచాడు. "నిన్న దిగినప్పుడు ఏమన్న జూసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. పక్కనే ఉండి తనెందుకు చూసుకోలేదని లోపల ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను. తప్పు చేసినవాళ్ళకు ముందుగా వచ్చేది కోపమే అనుకుంటాను.

బెల్లం కోలుకుంది. చలికాలం మొదట్లో జగిత్యాల అవతల ఒక చెరువు కాడ లాబ్రడార్ల పని పోటీ పెడుతున్నారని తెలిసింది. అందం చూసే పోటీ కాదు, పని మాత్రమే చూస్తారు. సారు చిన్నపిల్లాడిలా అయిపోయాడు. చలీ మంచూ అని చూడకుండా కుక్కను తయారు చేశాడు. ఆ రోజు పొద్దున్నే వ్యాన్ మాట్లాడుకుని ముగ్గురం వెళ్ళాం, సారూ నేనూ బెల్లమూ. హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి నిగనిగలాడే నల్ల కుక్కలు, వాటికి చల్లటి నీళ్ళ డబ్బాలు, మడత కుర్చీలు వచ్చాయి. మా దగ్గర నూలు మూటలున్న గోనె సంచి ఉంది. నీటికి అవతల రెండు డమ్మీలు కుక్కకు కనబడేలా విసురుతారు. మూడోది కనబడకుండా ముందే దాస్తారు. దాన్ని ఈలతో, సైగలతో నడిపించి తెప్పించాలి. అన్నింటికంటే ఎక్కువ మార్కులు దానికే.

మా వంతు దగ్గరపడ్డప్పుడు సారు తన మెడలోని ఈల తీసి నా మెడలో వేశాడు.

"నువ్వే పో."

"అదేంది సార్? మీ కుక్క. మీరే గదా పంపాల్సింది."

ఆయన చెరువు వైపు తిరిగాడు. "ఆ ఒడ్డు నాకు కనవడ్తలేదు బిడ్డా. గీ ఒడ్డు గూడ ఉత్త నీడ లెక్కనే ఉన్నది. షుగరుతోని కండ్లెనక నరాలు పోయినయి. నువ్వు దవాఖానల చేరక ముందు నుంచే."

నేను ఆయన నల్ల కళ్ళద్దాల్లోకి చూశాను. నా మొహమే కనబడింది. మరి ఏడాదిన్నరగా ఆయన అడిగినవేవీ పరీక్షలు కావు. ఆయనకు నిజంగానే తెలియదు. గాలి ఎటు పోయిందో, ముక్కు ఎక్కడుందో, మా బాపు చెయ్యి ఎట్లా చాపాడో, నేను చెబితేనే ఆయన చూశాడు. బెల్లం గట్టు దిగిన రోజు కూడా నేను చెప్పిందే చూశాడు.  అంతలో మా నంబరు పిలిచారు.

గీత దగ్గర బెల్లాన్ని కూర్చోబెట్టాను. సారు పదడుగుల వెనక, జనం రాకుండా కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి డమ్మీ నీటి అవతల పడింది. వదలగానే బెల్లం దూకింది. అప్రయత్నంగా నా నోరు తెరుచుకుంది. "దూకింది సార్. మెడ మీదికే ఉన్నది. తిన్నగ పోతున్నది." న్యాయనిర్ణేత, తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, నా వైపు చూశాడు. "మేడమ్, ఇక్కడ మాట్లాడకూడదు. కుక్కకు సాయం చేసినట్టవుతుంది. మళ్ళీ మాట్లాడితే మార్కులు పోతాయి" అన్నాడు. సరేనన్నాను. రెండో డమ్మీ మాట్లాడకుండానే తెప్పించాను. అప్పుడు వెనక్కి చూశాను. సారు తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. నీళ్ళ చప్పుడు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడానికి మెడ చాపి వెతుకుతున్నాడు. ఆయన జీవితంలో తయారు చేసిన ఆఖరి కుక్క, దాని మొదటి పోటీ.

మూడోదానికి వదిలాను. గాలి ఎడమకు లాగుతోంది, బెల్లం కొట్టుకుపోతోంది. ఈల వేశాను. అది నీళ్ళలోనే తిరిగి నా వైపు చూసింది. నేను చెయ్యి చాపి, అక్కడే నిలిపి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. "ఎడమకు పోయింది సార్, ఈలకు ఆగింది. నన్ను జూస్తున్నది. కుడి చెయ్యి ఇచ్చిన. తిరిగింది! గడ్డిలకెక్కింది. తోక సోమరిగ ఉన్నది. ఇంక అందలే. అందలే సార్. ఆ, నడుము కదిలింది! అందింది!" న్యాయనిర్ణేత కాగితం మీద ఏదో గీకాడు, ఇంకోసారి గీకాడు. నేను ఆపలేదు. బెల్లం డమ్మీ తెచ్చి నా చేతికిచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

మాకు మూడో స్థానం వచ్చింది. మాట్లాడకపోతే మొదటిది మాదేనని ఆ పెద్దాయనే వచ్చి చెప్పి వెళ్ళాడు. సారుకు కోపం ముంచుకొచ్చింది. "నోరు మూసుకుంటే ఫస్టు వస్తుండె! దాని కష్టమంత ఆగం జేసినవ్" అని వ్యాన్‌లో కోరుట్ల తొవ్వ కలిసేదాకా తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లలోనే నేను గట్టు సంగతి చెప్పేశాను. ఆ రోజు నేను చూడలేదని, చూసినట్టు అబద్ధం చెప్పానని.  బెల్లం ఆయన ఒళ్ళో తల పెట్టి నిద్రపోతోంది. దాని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరాడు.

"నాకు అనుమానమే ఉండె" అన్నాడు. "నేను గూడ నీకు చెప్పలే గదా, కనవడ్తలేదని. చెప్తే నువ్వు జాలితోని చెప్తవు. నాకు జాలి వద్దు, కుక్క గావాలె." ఇంకొంచెం దూరం పోయాక నా వైపు వంగాడు. "అది ఒడ్డెక్కినంక ఒళ్ళు దులిపింది గదా. నీ చేతికిచ్చి దులిపిందా, దులిపినంక ఇచ్చిందా?"

"ఇచ్చినంకనే సార్."

"శబాష్" అన్నాడు. అది నాకో, బెల్లానికో చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన అడక్కుండానే నేను చెప్పేదాన్ని. చూపు పూర్తిగా పోయాక కూడా ప్రతి ఆదివారం గట్టు మీదికి వచ్చేవాడు. బెల్లం ముసలిదై, పరుగు మాని నడక మొదలుపెట్టిన రోజు, "ఎంత దూరం పోయి కూసున్నది?" అని అడిగాడు. అడుగులు లెక్కబెట్టి చెప్పాను. బెల్లం పోయిన ఏడాదికి సారు కూడా పోయాడు.

ఇప్పుడు ముస్తాబాద్‌లో, ఎల్లారెడ్డిపేటలో కొందరు తమ కుక్కలకు పని నేర్పమని నన్ను పిలుస్తున్నారు. కుక్క పనిలో ఉన్నంతసేపు నేను పైకి మాట్లాడుతూనే ఉంటానని, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నారనుకున్నామని నవ్వుతారు. ఒకసారి సిగ్గనిపించి నోరు మూసుకున్నాను. కాసేపటికి చూస్తే నా కళ్ళు కుక్క మీద లేవు, దూరంగా రోడ్డు మీద పోతున్న బస్సు మీద ఉన్నాయి. మాట ఆగితే నా చూపు కూడా ఆగిపోతోంది. అందుకే మళ్ళీ మొదలుపెట్టాను. ఖాళీ గట్టు వైపు కొంచెం తిరిగి, గట్టిగా, అబద్ధం కలపకుండా, కనబడింది కనబడినట్టు.