అజీజా చూసిన మెడ

అజీజాను సేవామూర్తి అంటే నవ్వుతుంది. "సేవ కాదు, నౌకరి" అంటుంది. 1972లో ఎక్స్‌రే పని నేర్చుకుంది. ఇరవై మూడేళ్లు చీకటిగదిలో ఎర్రదీపం కింద ఫిల్ములు కడిగింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్‌కు సీటీ యంత్రం రాగానే దాని ముందు కూర్చుంది. నేర్పడానికి వచ్చిన ఇంజనీరు కంటే బాగా నడిపేది. ఆ సంగతి తానే చెప్పుకునేది, నిజం కాబట్టి.

1996లో కిష్టవ్వ వచ్చింది. ధర్మపురి దగ్గర ఆమె ఎక్కిన బస్సును వెనక నుంచి లారీ గుద్దింది. నెత్తురు చుక్క రాలలేదు కానీ, ఏడు నెలలైనా మెడనొప్పి తగ్గలేదు. బీడీలు చేసే మనిషి. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా తల వంచాలి. పావుగంటకే తల నిలవడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. స్కాన్‌లోనూ ఏమీ లేకపోతే మర్నాటి నుంచి మునుపటిలా పనిలో కూర్చోవాలని షరతు పెట్టి మరీ తీసుకొచ్చింది అత్త ఐలవ్వ.

స్కాన్ తీశాక డాక్టర్ ప్రేమ్‌సాగర్‌రావు ఫిల్మును వెలుతురుకు పెట్టి ఎముకలు చూశాడు.

"బొక్కలు మంచిగున్నయి. ఏం లేదు."

"నేనేమన్న? అన్ని నకరాలే," అంది ఐలవ్వ.

కిష్టవ్వ గడ్డం కింద చెయ్యి ఆనించుకుని నిలబడింది. ఎవరూ చూడనప్పుడు కూడా ఆ చెయ్యి తియ్యకపోవడం అజీజా గమనించింది.

దెబ్బ తగిలిన మెడ అంటే ఎముకలే అనుకునే రోజులవి. తెర మీద బొమ్మను ఎముకలు స్పష్టంగా కనబడేలా సరిచేసి, అదొక్కటే ఫిల్ము మీదికి దించేవారు. అందులో కండంతా ఒకే బూడిదరంగు ముద్ద. ఇప్పుడు ఆ సెంటర్‌లో అలా ఎవరూ చేయరు.

"సార్, బొక్కలను అడిగినం, చెప్పినయి. కండను ఎవరడిగిండ్రు?" అంది అజీజా.

"బయట పదిమంది ఉన్నరు అజీజా ఆపా."

"ఉండనీయండి. జర ఇటు రాండ్రి."

అజీజా యంత్రం మీది రెండు నాబులు తిప్పి, తెర మీది బొమ్మను కండ కనబడేలా సరిచేసింది. మెడ వెనక, ఎముకను ఆనుకుని ఉన్న లోపలి కండల్లో నల్లటి చారలు తేలాయి. కొవ్వు. అంతకు ముందు నెల గొంతుగడ్డ కోసం వచ్చిన, అదే ఈడు మనిషి స్కాన్‌ను పోల్చడానికి దాని పక్కన పెట్టింది. అందులో ఆ కండలు నిండుగా ఉన్నాయి.

డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గుద్దుడుతోనే అయిందని నేను రాయలేను."

"చూసింది రాయండి సార్. చాలు."

అతను రాస్తుంటే అజీజా ఐలవ్వను పిలిచింది. "అవ్వా, గిది మంచి మెడ. గిది నీ కోడలిది. కండ ఉండాల్సిన కాడ కొవ్వు చేరింది. నకరాలు చేస్తే గిట్లయితదా?"

ఐలవ్వ రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది. "తగ్గుతదా?"

"తెల్వదు. కసరత్తు చెయ్యాలె. గంటలకొద్ది తల వంచుడు మాత్రం బంద్ పెట్టాలె."

వాకిట్లో చెప్పుల కోసం కోడలు వంగబోతుంటే ఐలవ్వ "ఆగు" అని, తానే వాటిని కాలితో ముందుకు జరిపింది.

"తొడుక్కో. బస్సు పోతది."