విండ్సర్ రైల్లో వ్యాట్ పాఠం

నగర శివారు ఎటోబికోలోని మా ఇంటి నుంచి తెల్లవారుతుండగానే బయలుదేరాం. నా భార్య శారదకి ఆ రోజు విండ్సర్‌లో పీహెచ్‌డీ డిఫెన్స్. ప్రభుత్వ ఫ్యాక్టరీలు మూతపడి మార్కెట్ దారి పట్టిన దేశాల్ని వ్యాట్ ఎలా నిలబెట్టిందన్నది ఆమె అంశం. మొదటిసారి పరీక్షకుల ముందు తడబడి వెనక్కి వచ్చింది. ఇక మిగిలింది ఈ ఒక్క అవకాశమే. ఆమెకంటే నాకే ఎక్కువ దడగా ఉంది.

యూనియన్ స్టేషన్‌లో కాఫీకి బోర్డు మీది ధర చూసి, సరిగ్గా అంతే చిల్లర ఇచ్చాను. టాక్స్ కలిపేసరికి చాలలేదు. అన్నీ కలిపిన ఎమ్మార్పీకి అలవాటుపడ్డ ప్రాణం, ఇన్నేళ్ళయినా మారలేదు. శారద పర్సు తీసి ఆదుకుంది.

ఎనిమిదిన్నరకి రైలు. టికెట్లు ముందుగా తీసుకుంటే చౌక, కిటికీ పక్క సీట్లూ దొరుకుతాయి. ఎదుటి సీట్లో మూర్తిగారు పరిచయమయ్యారు. విండ్సర్ కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఇంజినీరు. ఈ దేశంలోనూ లండన్ అనే ఊరుంది, అది దాటాక పులిహోర డబ్బా తీసి ఆయనకీ పెట్టాం.

"ముప్పై ఏళ్ళుగా ఈ టాక్స్ పే చేస్తున్నానమ్మా, లాజిక్ మాత్రం తెలీదు," అన్నారాయన, శారద థీసిస్ వ్యాట్ మీదని విని.

శారద కాగితాలు పక్కన పెట్టింది. "కారు సీటు చేసేవాడు గుడ్డ కొన్నప్పుడు టాక్స్ కడతాడు అంకుల్. ఆ బిల్లు చూపిస్తే తను కట్టాల్సిన దాంట్లో అంత మైనస్ అవుతుంది. అందుకే బిల్లు ఇచ్చేదాకా గుడ్డవాణ్ణి వదలడు. కారు కంపెనీ కూడా సీటువాణ్ణి అలాగే అడుగుతుంది."

"అంటే ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు, కొనేవాడే కాపలా!"

శారద కళ్ళు మెరిశాయి. చాతం స్టేషన్ వచ్చేదాకా ఆ మాటే తనలో తాను అనుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండింటికి డిఫెన్స్ మొదలైంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. పరీక్షకుడు పోయినసారి ప్రశ్నే మళ్ళీ వేశాడు. ఫ్యాక్టరీల లాభాల మీద బతికిన ప్రభుత్వం, లెక్కలు చూపని కొత్త వ్యాపారుల నుంచి పన్ను ఎలా రాబట్టింది? శారద ఈసారి కాగితం వైపు చూడలేదు. గుడ్డ, సీటు, కారు అంటూ మొదలుపెట్టి కొనేవాడే కాపలా అంది. బిల్లు ఇవ్వనివాడి దగ్గర పెద్ద కంపెనీలు కొనవు కాబట్టి వాడూ వచ్చి ఈ బిల్లుల గొలుసులో చేరతాడనీ, ఎక్కువ కట్టిన పన్నుకి రీఫండ్లు ఎగ్గొట్టిన ప్రభుత్వాల దగ్గరే ఆ గొలుసు తెగిందనీ ధాటిగా చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టి తలూపాడు.

మమ్మల్ని బయటికి పంపి, కాసేపటికి పిలిచారు. "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్!" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

తిరుగు రైలు ఎక్కేముందు స్టేషన్ దగ్గర రెండు కాఫీలు కొన్నాను. ఈసారి టాక్స్ కూడా లెక్కవేసి ఇచ్చి, బిల్లు అడిగి తీసుకున్నాను. రైలు కదిలింది. చాలా ఊళ్ళు తిరిగాను గానీ, ఇంత గర్వంగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

నా చేతిలో బిల్లు చూసి శారద నవ్వింది. "అదెందుకండీ? మనకి వెనక్కి వచ్చేదేం లేదు. గొలుసు చివర ఉండేది మనమే, మొత్తం మోసేదీ మనమే."

"మోద్దాం, డాక్టర్ గారూ," అన్నాను. "ఇవాళ ఎంత వేసినా కడతాను."