నెపమంతా చలి మీదే

ఓయివా కెట్టునెన్‌కి చూపు పోతోందని ఆ చలికాలం ఎవరికీ తట్టలేదు. ఓయివాకి అసలే తట్టలేదు. నరికి రోడ్డు పక్కన పేర్చిన దుంగల గుట్టలను కొలవడం, ఆ అంకెలను కలప మిల్లు ఇచ్చిన చేతి కంప్యూటర్‌లో ఎక్కించడం ఆయన పని. వయసు అరవైకి దగ్గర. ఆ చెట్లు అమ్మిన రైతుల్లో, ఆయన కొలిచాక మళ్ళీ టేపు పట్టినవాడు లేడు.

జనవరిలో తెర మీది అంకెలు పాలిపోయాయి. అందులో వింతేముంది? ఆ చలికి అందరి తెరలూ పాలిపోతాయి. ఉత్తరాన ఆ మంచుదేశంలో, లియెక్సా అడవుల్లో ప్రతివాడూ మిషన్‌ని చొక్కా లోపల దాచుకుని, ఒంటి వేడికి కాస్త తేరుకున్నాక బయటికి తీస్తాడు. ఓయివా కూడా చలిని నాలుగు తిట్టి, సెట్టింగుల్లోకి వెళ్ళి తెర మీద అంకెల నలుపు పెంచాడు. కొన్నాళ్ళు బాగానే గడిచింది. మళ్ళీ పాలిపోతే మళ్ళీ పెంచాడు.

ఫిబ్రవరిలో కర్సర్ కనిపించకుండా పోవడం మొదలైంది. సన్నటి గీత, మిణుకుమిణుకుమంటూ ఉండేది. ఆరిన క్షణంలో ఏ గడిలో ఉందో అంతుచిక్కేది కాదు. మిణుకు ఆపేశాడు. గీతని మందపాటి దిమ్మగా మార్చాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. మార్చిన ప్రతిసారీ హమ్మయ్య అనుకుని పనిలో పడేవాడు.

ఒకరోజు లారీ డ్రైవర్ రైమో తన క్యాబిన్‌లో కూచుని కాఫీ తాగుతూ ఆ మిషన్ అందుకున్నాడు.

"ఇదేంట్రా, తెరంతా మసిపూసినట్టుంది. ఇందులో నీకేం కనిపిస్తోందిరా?"

"హీటర్ పక్కన కూచున్నవాడివి, నీకు మాటలు బాగానే వస్తాయి. బయట నిలబడి చూడు."

"ముసలాడివైపోయావు. కళ్ళజోడు మార్చుకో."

"మిషన్ మార్చమని చెప్పు మీ మిల్లువాళ్ళకి."

రైమో నవ్వి ఊరుకున్నాడు. ఓయివా భార్య హిల్కా మాత్రం ఊరుకోలేకపోయింది. ఎందుకంటే మార్చిలో ఓయివా చిత్రిక తెచ్చి వంటింటి తలుపు చట్రాన్ని చెక్కడం మొదలుపెట్టాడు.

"దానికేమొచ్చిందయ్యా? నిటారుగానే ఉందిగా."

"మధ్యలో వంకరపోయింది, కనిపించడంలేదా? నేల గడ్డకట్టి ఉబ్బింది. ఏటా ఉన్నదేగా."

"నాకేం వంకర కనిపించడంలేదు. ఓసారి కంటి డాక్టరుకి చూపించుకో."

"మంచు కరగనీ. అదే సర్దుకుంటుంది."

అక్కడి ఇళ్ళు చలికి కదిలే మాట నిజమే. అందుకే హిల్కా కూడా సగం నమ్మింది. ఇల్లు వంకరపోయిందంటే నమ్మాడు గానీ, చూపు వంకరపోయిందేమోనన్న అనుమానం ఆ మొండి మనిషికి రాలేదు. ఏం చేస్తాం!

మేలో మంచు కరిగింది. భూర్జ చెట్లు చిగిర్చాయి. మిషన్ చేతిలో వెచ్చగా ఉంది, అంకెలు మాత్రం మరీ పాలిపోయాయి. పెంచడానికి నలుపు మిగల్లేదు. అప్పుడు భయం పట్టుకుంది. భయమేసిందని ఎవరితోనూ చెప్పలేదు. వేళ్ళ అలవాటుతో గడులు నింపుకుంటూ వచ్చాడు. జూన్‌లో ఒక రైతు పైన్ దుంగలు మొత్తం భూర్జ గడిలోకి ఎక్కేశాయి. రైతు మిల్లుకి ఫోన్ చేశాడు.

పైఅధికారి మర్యుత ఆయన్ని ఆఫీసుకి పిలిచింది. మిషన్‌ని అందరికీ ఉండే సెట్టింగుల్లోకి తిప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇది చదువు, ఓయివా."

ఎటు తిప్పి చూసినా మధ్యలో బూడిదరంగు మచ్చే. అంచుల్లో ఏదో కదిలింది. ఆయన చదవలేకపోయాడు. ఆమె మిషన్‌ని తీసి సొరుగులో పెట్టుకుంది.

ఆ వారమే హిల్కా కారు నడిపి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కుడికంటి నడిమధ్య మచ్చ గట్టిపడిపోయింది. ఎడమకన్నూ అదే దారిన పోతోంది.

"ఎప్పట్నించి?" అని అడిగింది డాక్టరమ్మ.

"జనవరి నుంచి."

"అప్పుడే వచ్చి ఉంటే సూదిమందుతో చాలావరకు ఆపేవాళ్ళం."

"చలి అనుకున్నానమ్మా" అన్నాడు. ఆమెది కూడా ఆ ప్రాంతమే. అదేం మాటని అడగలేదు, తలదించుకుని మందులు రాసింది.

ఆగస్టులో హిల్కా పెద్ద తెర ఉన్న ఫోన్ కొని తెచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అక్షరాలు ఒక్కో మెట్టే పెంచుతూ ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు?"

"లేదు. ఇంకా పెంచు."

"ఇప్పుడు?"

"అక్కడేదో ఉందని తెలుస్తోంది. ఇంకొంచెం పెంచు, హిల్కా."

"ఇంతకంటే పెద్దవి లేవు, ఓయివా" అంది ఆమె.