సిబ్బి అని నేనెందుకు రాశాను

దెయ్యాలనీ, ఆత్మలనీ నేనెప్పుడూ నమ్మలేదు. తెనాలిలో మా ఇంట్లో దిష్టి కూడా తీసేవారు కాదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో దెయ్యం లేదు, చనిపోయిన మనిషి లేరు. అందుకే దీన్ని ఏమనాలో నాకింకా తెలియడం లేదు.

నేను నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. వైశాలిలో అద్దెకుంటాను. మా పనిలో ఇతరులు రాసిపెట్టిన చిన్న చిన్న కోడ్ ప్యాకేజీలు చాలా వాడతాం. ప్రతి దానితోపాటూ ఒక చిన్న ఫైల్ వస్తుంది. దాని పేరేమిటి, ఎన్నో వెర్షన్, ఎవరు రాశారు, అన్నీ అందులో ఉంటాయి. అవసరమైనప్పుడల్లా ఆ ఫైల్ తెరిచి వెతుక్కోవడం విసుగు. అందుకని ఒక శనివారం మధ్యాహ్నం, బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి, జావాస్క్రిప్ట్‌లో ఒక బుల్లి ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాను. 'వెర్షన్' అని అడిగితే వెర్షన్, 'రచయిత' అని అడిగితే రచయిత పేరు చూపించాలి. అంతకు మించి ఏమీ లేదు.

సాయంత్రానికి అయిపోయింది. సరిగా పనిచేస్తోందో లేదోనని దాన్ని దాని సొంత ఫైల్ మీదే నడిపాను. రచయిత ఎవరు అని అడిగాను. అక్కడ నేనింకా నా పేరు రాయలేదు.

'కస్తూరి' అని వచ్చింది.

ఫైల్ తెరిచి చూశాను. రచయిత చోటు ఖాళీగానే ఉంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ కస్తూరి. మొత్తం ఫోల్డర్‌లో ఆ పేరు కోసం వెతికాను, ఎక్కడా లేదు. నాకు కస్తూరి అనే మనిషెవరూ తెలియదు. స్క్రీన్ ఫోటో తీసి మా టీమ్ లీడ్ నితిన్‌కి పంపాను. ఎక్కడో పాత సమాచారం ఇరుక్కుని ఉంటుంది, వదిలేయమంటూ "ఛోడో యార్" అని జవాబిచ్చాడు. ఇంకోసారి నడిపితే ఆ పేరు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నా పేరు రాసుకుని, ఆ సంగతి మర్చిపోయాను.

దీపావళి వెళ్ళాక మా టీమ్‌లోకి కొత్తమ్మాయి వచ్చింది. జగిత్యాల నుంచి. మొదటి ఉద్యోగం. మయూర్ విహార్‌లో పీజీ హాస్టల్లో దిగింది. పేరు కస్తూరి.

విన్నప్పుడు ఆ శనివారం సాయంత్రం గుర్తొచ్చిన మాట నిజం. అయినా లోకంలో ఎంతమంది కస్తూరులు లేరు అని సర్దిచెప్పుకున్నాను. ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి వారంలోనే అక్కా అనడం మొదలుపెట్టింది. మా పద్ధతులు అలవాటవుతాయని నా చిన్న ప్రోగ్రామ్ తెరిచి, చదవమని తన ముందు పెట్టాను.

కాసేపటికి ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"అక్కా, ఇది మీకెవలిచ్చిన్రు?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే రాశాను."

"కాదక్కా. ఇది నాది. కాలేజీల రాసుకున్న."

నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "సిబ్బి అంటే ఏందో చెప్పున్రి మరి" అంది.

ప్రోగ్రామ్‌లో అసలు పనిచేసే భాగానికి నేను పెట్టిన పేరు అది. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? చేతికొచ్చిన అక్షరాలు కొట్టాననే అనుకున్నాను. అది ఒక మాట అని కూడా నాకు తెలియదు.

"అన్నం వార్చేటప్పుడు గంజు మీద పెట్టే చిల్లుల మూత. గంజి కిందికి పోతది, మెతుకులు ఆగుతయి. మా అమ్మ అట్లనే అంటది. అవసరమైంది ఆపి, మిగిలింది వదిలేస్తది కదా అని నేను ఆ పేరు పెట్టుకున్న."

తరవాత స్క్రీన్ నా వైపు తిప్పేసి, చూడకుండానే చెప్పింది. అడిగిన వివరం ఫైల్‌లో లేకపోతే 'తెల్వదు' అని వస్తది, చూడున్రి అంది. చూశాను. ఇంగ్లిష్ అక్షరాల్లో 'తెల్వదు' అనే ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అలా పలికింది లేదు. మేము తెలీదు అంటాం.

ఆ అమ్మాయి లాప్‌టాప్ ఏడాది కిందట రైల్లో పోయిందట. ఆ కోడ్ ఇంకెక్కడా దాచుకోలేదు, ఎవరికీ చూపలేదు. నేనెలాగో సంపాదించి నా పేరు వేసుకున్నానని నితిన్ దగ్గర చెప్పి ఏడ్చింది. తప్పు పట్టలేను. తన స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

నితిన్ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఆ శనివారం నేను ఒక్కో లైనూ ఎలా రాశానో, ఎక్కడ తప్పు కొట్టి దిద్దుకున్నానో కంప్యూటర్‌లో నమోదై ఉంది. అది చూపించాను. తరవాత నేనే గుర్తుచేసి, ఆ రోజు పంపిన ఫోటో తెరిపించాను. నితిన్ ఆ పేరు చూశాడు, తారీఖు చూశాడు, కస్తూరిని చూశాడు.

"ఆప్ దోనో పెహలే సే జాన్‌తీ థీ?" అన్నాడు.

ముందు నుంచీ పరిచయం లేదని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆ ఫోటో తీసిన నాటికి కస్తూరి ఇంటర్వ్యూకి కూడా రాలేదు.

చివరికి "ఠీక్ హై, ఇద్దరి పేర్లూ వేయండి" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. మేము తెస్తే తప్పించుకుంటాడు.

కొన్నాళ్ళు కస్తూరి నాతో ముభావంగా ఉంది. ఒకరోజు సాయంత్రం మెట్రోలో పక్కపక్కనే సీటు దొరికింది. నన్ను ఇంకా దొంగ అనుకుంటున్నావా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, ఆ ప్రోగ్రామ్ ఇంకోసారి చూపించమంది. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను. మెల్లగా కిందికి జరుపుకుంటూ వెళ్ళి, చివరి భాగం దగ్గర ఆగిపోయింది.

"ఇది నేను రాయలే అక్కా" అంది.

ఆ భాగం నాకు బాగా గుర్తు. ఒక వివరం లోపల ఇంకో వివరం ఉంటే దాన్ని ఎలా బయటికి తీయాలో తోచక, బాల్కనీలో అటూ ఇటూ తిరిగి తిరిగి రాశాను. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. కనీసం అదైనా నాది.

బండి మయూర్ విహార్‌లో ఆగుతోంది. కస్తూరి బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది.

"నాకు టైం దొరకలే. కానీ ఇట్లనే రాద్దామనుకున్న" అని దిగిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. నేను యమునా బ్యాంక్‌లో దిగి వైశాలి బండి మారాలి. ఆ స్టేషన్ దాటిపోయిన సంగతి కూడా గమనించలేదు.