పెద్దమ్మ విత్తనాల బుట్ట

మా పెద్దమ్మ పోయింది. ఇస్నాపూర్‌లో కిరాయి గదికి తాళం వేసి ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే, జోగిపేట దగ్గరి మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. కానీ కొన్నేళ్ల కిందట పటాన్‌చెరు రోడ్డు మీది పెద్ద దుకాణంలో, మందుల్లేని పంట అని రాసిన అరలోంచి కందిపప్పు కొనుక్కుని ఉంటే, ఆమె దాచుకున్న విత్తనం మీరు తిని ఉండొచ్చు. మీ తప్పేం లేదు. తప్పు నాది.

ఆమె మా అమ్మకు అక్క. భర్త తొందరగా పోయాడు, పిల్లల్లేరు. రెండెకరాల మెట్ట చెలకే ఆమె సంసారం. నేను ఐటిఐ చదివినన్నాళ్లు నాకు అన్నం పెట్టింది ఆ చెలకే. జొన్న, కంది, పెసర, అనుములు అన్నీ అందులోనే కలిపి విత్తేది. మందు కొట్టేది కాదు. పురుగు పట్టిన కాయ చూసి నేను మొహం చిట్లిస్తే, "పురుగు ముట్టని గింజ మనిషికెట్ల అరుగుతది బిడ్డా?" అనేది.

కోత కాగానే ముందు విత్తనం తీసేది. నిండుగా కాసిన కొమ్మలు ఏరి విడిగా కొట్టి, బూడిద, వేపాకు కలిపి ఈతబుట్టలో పోసి, పైన పేడతో అలికేది. మళ్లీ మిరుగు కార్తెలో నాలుగు చినుకులు పడ్డాకే ఆ మూత పగిలేది. ఊళ్లో అప్పటికే అందరూ పత్తిలోకి దిగారు. పత్తి సాళ్ల మధ్య వేసుకునే కందులకు మాత్రం ఆడవాళ్లు కొంగు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. దోసిలితో పోసేది. ఎవరినీ వట్టి కొంగుతో పంపలేదు, ఒక్క ఏడు తప్ప.

దుకాణం వాళ్లకు ఆమె సంగతి చెప్పింది నేనే. ఏదో ఘనకార్యం చేస్తున్నానని నా పొంగు. సరుకు కొనే ఆయన కారులో వచ్చి, కందులు అరచేతిలో పోసుకుని చూశాడు. "గింజంతా ఒకే సైజు, ఒకే రంగు ఉండాలమ్మా. వేరేవి కలవొద్దు" అన్నాడు.

కలిపి విత్తిన చేనాయె, కందుల్లో నాలుగు పెసలు ఉండనే ఉంటాయి. మూడు రోజులు చేటలో పోసుకుని ఏరింది. అయినా ఒక బస్తా నిండలేదు. అప్పుడు లేచి వెళ్లి బుట్ట దించి, మూత పగలగొట్టింది.

"పెద్దమ్మా, అవి విత్తనం గదా?" అన్నాను.

"పట్నపోళ్లు మొదటిసారి అడిగిండ్రు బిడ్డా. ఇచ్చేటప్పుడు మంచిదే ఇయ్యాలె. మిరుగుకు అడిగితె రెండు దోసిళ్లు మనకు వాపసు ఇయ్యరా ఏంది?"

ఇవ్వరని నాకు తెలుసు. అయినా బస్తా మూతి పట్టుకుని నిలబడ్డాను.

మిరుగు ముందు ఆమె విత్తనం అడగడానికి బస్సెక్కి వచ్చింది. చెప్పులు బయటే విడిచి నా వెంట దుకాణంలోకి నడిచింది. "గింజలెక్కడివమ్మా, అన్నీ పప్పు పట్టించేశాం. ఇక మీదట సర్టిఫికెట్ ఉన్నవాళ్ల దగ్గరే తీసుకోమన్నారు" అన్నాడాయన. ఆమె అరలోంచి ఒక పొట్లం తీసి, ఆ ఏసీ చల్లగాలిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"బద్దలు జేసిండ్రు" అంది. "ఇగ మొలవయ్."

ఆ ఏడు కొంగులతో వచ్చిన వాళ్లకు మొహం చూపలేక తలుపు వేసుకుంది. ఊళ్లో ఆ విత్తనం తిన్నవాళ్లే కానీ దాచినవాళ్లు లేరు. జోగిపేటలో కొన్న విత్తనం మందు లేనిదే కాయనంది. అరవై దాటాక మొదటిసారి మందు పంపు వీపుకు తగిలించుకుంది. ఆ రోజు మూడుసార్లు చేతులు కడిగినా ముద్ద నోటికి ఎత్తలేకపోయింది. ఆ తర్వాత చెలక బీడు పెట్టింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెద్దమ్మ దినాల ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీద ఆ బుట్ట దొరికింది. కిందికి దించుతుంటే పక్కింటి ముసలమ్మ చూసింది. ఏ ధ్యాసలో ఉందో, అలవాటుగా కొంగు చాచింది. ఆ కొంగులోకి బుట్ట వంచాను. బూడిద రాలింది.

ముసలమ్మ దులుపుకోలేదు. ఆ బూడిదనే కొంగున ముడి వేసుకుని ఇంటికి వెళ్లింది.