గౌను తొడుక్కున్న నక్క

గుడ్డబొమ్మల కర్మాగారంలో ఆమెను అందరూ డిక్షనరీ అక్క అంటారు. పరాయి దేశాలకు వెళ్లే బొమ్మల చీటీల మీది మాటల్ని స్పానిష్‌లోకి మార్చడం ఆమె పని. పదకొండేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు.

అలాంటిది ఒక సోమవారం యజమాని ఆమెను పిలిచి, గౌను తొడిగిన నక్కబొమ్మను బల్ల మీద పడేశాడు.

“మెడలో చీటీ చదువు.”

“సోయ్ తు సోర్రా...” ఆమె ఆగిపోయింది. “నేను రాసింది సోర్రో అండీ. ‘నేను నీ నక్కని’ అని.”

“ఒక్క అక్షరమేగా తేడా?”

“సోర్రా అంటే ఆడనక్కే. కానీ ఆడమనిషిని అలా అంటే తిరుగుబోతు అని తిట్టినట్టు.”

“కొన్నవాళ్లూ అదే చెప్పి సరుకు తిప్పి పంపారు. పోయిన నెల సెలవివ్వలేదని కచ్చ తీర్చుకున్నావా?”

బయటికొచ్చేసరికి ఆమె అనుమానం గౌన్లు కుట్టే ఆవిడ, అందరూ వదిన అని పిలిచే ఆవిడ మీదికి పోయింది. చీటీలో మగనక్క అని రాశానని చెప్పినప్పుడు ‘మగనక్కకి గౌనేంటి?’ అని నవ్వింది ఆవిడే మరి. ఆ రోజే డిక్షనరీ అక్క తన సొరుగుకు తాళం వేసింది. వదిన అటుగా వస్తే చాలు, కాగితాలు బోర్లించేది. మూడో రోజు అడిగేసింది.

“నా కాగితం దిద్దావా వదినా?”

“నాకు మన అక్షరాలే సరిగా రావు. నన్నా అడుగుతున్నావు?” కుట్టుమిషన్ ఆపకుండానే అంది వదిన.

ఆ మాట గుచ్చుకుంది. ఆమె అచ్చు గదికి వెళ్లి పాత కాగితాల కట్టలన్నీ తిరగేసింది. తన కాగితం దొరికింది. చివరి అక్షరం కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ఎవరో దిద్దారు.

“ఇదెవరి పని బాబాయ్?”

“అయ్యగారే దిద్దారమ్మా. గౌనేసుకుంది కదా, ఆడదాన్ని చేద్దామన్నారు,” అన్నాడు అచ్చువేసే బాబాయ్.

ఆమె ఆ కాగితాన్ని తీసుకెళ్లి యజమాని ముందు పెట్టింది. “నేను దిద్దిన సంగతే మర్చిపోయాను. చివర్లో అలా మారిస్తే ఆడది అవుతుందని నువ్వేగా ఒకసారి చెప్పావు,” అని గొణిగాడు. ఇకమీద తాను సంతకం పెట్టందే ఏ చీటీ అచ్చుకు పోకూడదని ఆమె అతని చేతే రాయించుకుంది.

తర్వాత వదిన దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పింది.

“మూడు రోజులు దొంగను చూసినట్టు చూశావు,” అంది వదిన, తలెత్తకుండా.

ఆమె పక్కనే కూర్చుని, సాయంత్రం దాకా గౌన్ల దారాలు కత్తిరించింది. వదిన లెమ్మనలేదు. మాటలు కలవడానికి రెండు వారాలు పట్టింది.